మీకు తెలుసా? అమ్మ జోలపాటలో ఎన్ని వింతలో!

జోలపాట అంటే ఏముంది, బిడ్డ కళ్లు మూసేదాకా ఏదో ఒక రాగం తీయడమే కదా అనుకుంటున్నారా? ఆగండి! ఆ చిన్న పాట మీద దేశదేశాల శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి బుర్రలు బద్దలు కొట్టుకుంటున్నారు. రాజకుమారులే కాదు, దేవుళ్లు కూడా ఆ పాట వినే పడుకుంటున్నారు! 4,000 ఏళ్ల నాటి జోల ఒకటి మట్టిపలక మీద ఇప్పటికీ ఉంది. కాస్త దగ్గరికి జరగండి, ఒక్కొక్కటీ చెబుతాం!

కడుపులోనే కచేరీ!

బిడ్డ చెవులు పుట్టాకే పనిచేస్తాయనుకుంటున్నారా? కానే కాదు! అమ్మ కడుపులో సుమారు 25 వారాలు నిండేసరికే బయటి చప్పుళ్లకు బిడ్డ కదులుతుంది. లోపల గుండె దడదడ, పేగుల గుడగుడ! వాటన్నిటి మధ్య బాగా వినపడేది అమ్మ గొంతే! ఎందుకంటే ఆ గొంతు గాలిలోంచే కాదు, అమ్మ ఒంట్లోంచి కూడా నేరుగా బిడ్డ దగ్గరికి చేరుతుంది. నాన్న ఎంత గట్టిగా పాడినా ఆ దగ్గరిదారి ఆయనకు లేదు!

కడుపులో విన్న పాట పుట్టాక గుర్తుంటుందా? ఉంటుంది! ఫిన్లాండ్‌లోని హెల్సింకి విశ్వవిద్యాలయం వాళ్లు కొందరు గర్భిణులకు చివరి నెలల్లో ‘ట్వింకిల్ ట్వింకిల్’ వరస మళ్లీ మళ్లీ వినిపించారు. పుట్టాక ఆ బిడ్డల తలకు సన్నటి తీగలు అతికించి అదే వరస వేశారు. మెదడు చటుక్కున స్పందించింది! 4 నెలల తర్వాత పరీక్షించినా ఆ గుర్తు చెక్కుచెదరలేదు! ఆ పాట వినకుండా పుట్టిన పిల్లల్లో అంత స్పందన లేదు.

ఇది వింటే ముక్కున వేలేసుకుంటారు! పుట్టి 3 రోజులైనా నిండని పసికందుల నోట్లో ఒక పాలపీక పెట్టారు అమెరికా పరిశోధకులు. పీకను ఒక లయలో చప్పరిస్తే అమ్మ గొంతు వినిపిస్తుంది. ఇంకో లయలో చప్పరిస్తే వేరే ఆవిడ గొంతు. పిల్లలు ఏం చేశారో తెలుసా? అమ్మ గొంతు వచ్చేలా చప్పరించే తీరునే మార్చుకున్నారు! కళ్లు సరిగా కనపడని వయసులోనే అమ్మను ఎంచుకున్నారు!

మరి బిడ్డ ఏడుపుకీ ఒక వరస ఉందంటే నమ్ముతారా? జర్మనీ పరిశోధకులు 60 మంది నవజాత శిశువుల ఏడుపుల రికార్డులు పోల్చి చూశారు. సగం మంది ఫ్రెంచి తల్లుల బిడ్డలు, సగం మంది జర్మన్ తల్లుల బిడ్డలు. ఫ్రెంచి పాపల ఏడుపు కింది నుంచి పైకి లేస్తోంది! జర్మన్ పాపలది పై నుంచి కిందికి జారుతోంది! అచ్చం వాళ్ల అమ్మలు మాట్లాడే తీరే! పుట్టిన వారంలోపే అమ్మ పలుకు వరస పట్టేశారు!

ఏ దేశమైనా జోల జోలే!

భాష తెలియదు, ఊరు తెలియదు. అయినా వినగానే అది జోలపాటో కాదో చెప్పేస్తారా? చెప్పేస్తారు! హార్వర్డ్ పరిశోధకులు 86 సమాజాల పాటల్లోంచి చిన్న చిన్న ముక్కలు ఏరి, ఇంటర్నెట్లో అరవై దేశాల వాళ్లకు వినిపించారు. ఒక్కో ముక్క 14 సెకన్లే! ‘ఇది బిడ్డను నిద్రపుచ్చే పాట’ అని జనం గుర్తుపట్టేశారు. ఎన్నడూ పేరైనా వినని తెగల పాటలవి!

ఇంకో తమాషా చూడండి! ప్రేమపాట కూడా అలాగే పట్టుబడుతుందనుకుంటాం కదా? పట్టుబడలేదు! 49 దేశాల వాళ్లను కూర్చోబెట్టి రకరకాల పాటలు వినిపిస్తే, నాట్యం పాటను పట్టుకున్నారు, రోగం తగ్గించే పాటను పట్టుకున్నారు, జోలనూ పట్టుకున్నారు. ప్రేమపాట దగ్గరే తడబడ్డారు! సినిమాల నిండా ప్రేమపాటలే ఉన్న మనకు ఇది పెద్ద వింతే! లోకానికంతటికీ అర్థమయ్యే పాటల్లో అమ్మ పాట ఒకటి!

పిల్లలతో పాడేటప్పుడు గొంతు మారుతుందా? మారుతుంది, అన్ని చోట్లా మారుతుంది! 21 సమాజాల్లో పెద్దవాళ్లు పాడినవీ మాట్లాడినవీ పోగుచేసి పోల్చారు. మహానగరాల వాళ్లున్నారు, టాంజానియా అడవుల్లో వేటాడి బతికే హడ్జా జనం ఉన్నారు. బిడ్డతో మాట్లాడితే గొంతు పైకి లేస్తోంది! బిడ్డకు పాడితే గొంతు మెత్తబడుతోంది! ఒకరికొకరు దూరదూరంగా ఉన్నవాళ్లు. అయినా అందరిదీ ఒకే దారి!

పెద్దవాళ్లు గుర్తుపడితే గొప్పేముంది అంటారా? అయితే పాపల మాట వినండి! అమెరికాలో 144 మంది పసిపిల్లలకు ఊరూపేరూ తెలియని భాషల పాటలు వినిపించారు. అవి స్కాట్లాండ్ గేలిక్, అమెరికా ఆదివాసుల హోపీ లాంటి భాషలు. కొన్ని జోలలు, కొన్ని కావు. జోల మొదలవగానే పిల్లల గుండె వేగం తగ్గింది, కంటిపాప చిన్నదైంది! ఒంట్లో ఉలుకు తగ్గిందన్నమాట! ఒక్క మాట అర్థం కాకపోయినా!

ఎదురుగా బిడ్డ లేకుండా అమ్మ జోల పాడగలదా? పాడగలదు, కానీ దొరికిపోతుంది! 1993లో కెనడా పరిశోధకులు తల్లులతో ఒకే పాట రెండుసార్లు పాడించారు. ఒకసారి ఒళ్లో బిడ్డ, ఇంకోసారి ఉత్త గది. వాళ్లలో హిందీ మాట్లాడే తల్లులూ ఉన్నారు! రికార్డు విన్నవాళ్లు ‘ఇది బిడ్డ ఎదుట పాడింది’ అని పట్టేశారు. బిడ్డ ఒళ్లో ఉన్నప్పుడు వచ్చే ఆ మెత్తదనం నటిస్తే రాదు!

శ్రుతిపెట్టె లేదు, తాళం వేసేవాళ్లు లేరు. అయినా అమ్మ శ్రుతి తప్పదు! తల్లులు బిడ్డకు పాడిన పాటను రికార్డు చేశారు. కనీసం ఒక వారం గడిచాక అదే పాట మళ్లీ పాడించారు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే నోరెళ్లబెట్టాల్సిందే! అదే శ్రుతి, దాదాపు అదే వేగం! వాళ్లెవరూ సంగీత విద్వాంసులు కారు, మామూలు అమ్మలు!

పాట చేసే పనులు చూశారా!

ఊరికే ఊసులు చెబితే మేలా, పాడితే మేలా? పాడితేనే మేలు! కెనడాలోని మాంట్రియల్‌లో పిల్లలకు ఒకసారి మాటలు, ఒకసారి పాట వినిపించి, ఎప్పుడు ఏడుపు మొదలెడతారో గడియారం పట్టుకుని చూశారు. మాటలైతే నాలుగు నిమిషాలకే పెదవి విరిచారు. పాటైతే దాదాపు 9 నిమిషాలు బుద్ధిగా కూర్చున్నారు! అది టర్కీ భాష పాట! ఆ పిల్లలకు ఆ భాషే రాదు!

పాడేటప్పుడు బిడ్డ మీ కళ్లలోకే ఎందుకు చూస్తుందో తెలుసా? తాళం వల్ల! కేవలం 2 నెలల పసివాళ్లు కూడా పాట దెబ్బ పడే క్షణానికి సరిగ్గా పాడే మనిషి కళ్లలోకి చూస్తున్నారని అమెరికా పరిశోధకులు కనిపెట్టారు. ఆ దెబ్బకే అమ్మ కూడా కళ్లు పెద్దవి చేస్తుంది, ముఖం వెలిగిస్తుంది. ఇద్దరి చూపులూ తాళం తప్పకుండా కలుస్తాయి!

పాడే బొమ్మలు కొంటున్నారా? అయితే ఇది వినాల్సిందే! 5 నెలల పిల్లలకు ఒక కొత్త పాట అలవాటు చేశారు. కొందరికి అమ్మానాన్నలు పాడారు, కొందరికి బొమ్మ పాడింది. తర్వాత ముక్కూమొహం తెలియని మనిషి వచ్చి అదే పాట పాడింది. అమ్మానాన్నల నోట విన్న పిల్లలు ఆ మనిషిని ఆప్యాయంగా చూస్తూ ఉండిపోయారు! బొమ్మ దగ్గర విన్నవాళ్లు పట్టించుకోనే లేదు! మా ఇంటి పాట తెలిసినవాళ్లు మావాళ్లే అని లెక్క!

తాళం చెవికే తెలుస్తుందా? ఒంటికీ తెలుస్తుంది! 7 నెలల పిల్లలను ఎత్తుకుని డోలు దెబ్బలకు ఎగరేశారు. కొందరిని రెండేసి దెబ్బలకోసారి, కొందరిని మూడేసి దెబ్బలకోసారి. డోలు చప్పుడు అందరికీ ఒకటే! తర్వాత ఎంచుకోమంటే, తమను ఎగరేసిన తాళమే ఇష్టమని తేల్చేశారు! కళ్లకు గంతలు కట్టి ఎగరేసినా అదే ఫలితం! అమ్మ ఒడిలో ఊగితేనే లయ ఒంటబడుతుందన్నమాట!

ఇంకా బాగుంది చూడండి! 14 నెలల పిల్లలను ఒకరు ఎత్తుకుని పాటకు సరిగ్గా ఎగరేస్తుంటే, ఎదురుగా ఒకావిడ అదే తాళానికి ఊగింది. ఆట అయిపోయింది. ఆవిడ చేతిలోని వస్తువు కావాలని జారవిడిచింది. బుడిబుడి అడుగులతో వెళ్లి తీసి ఇచ్చారు పిల్లలు! తాళం తప్పి ఊగినప్పుడు మాత్రం అంత సాయం రాలేదు! కలిసి ఊగితే మనసూ కలుస్తుంది!

మీ ఇంట్లో చూడండి, బిడ్డను ఏ వైపు ఎత్తుకుంటారు? ఎడమవైపే! 1960లో అమెరికా మనస్తత్వవేత్త లీ సాల్క్ లెక్క తీస్తే, దాదాపు 80 శాతం తల్లులు ఎడమ రొమ్ముకే హత్తుకుంటున్నారు. కుడిచేతి పని సులువుగా ఉంటుందనా? కాదు! ఎడమచేతి వాటం తల్లులూ ఎక్కువ మంది ఎడమవైపే ఎత్తుకున్నారు! అమ్మ గుండె చప్పుడు అక్కడే కదా దగ్గర అన్నారాయన!

నెలలు నిండకుండా పుట్టి గాజుపెట్టెలో ఉన్న బిడ్డకు పాట మందవుతుందా? 11 ఆసుపత్రుల్లో 272 మంది పసికందుల మీద చూశారు. అమ్మానాన్నలకు ఇష్టమైన పాటనే నెమ్మదింపజేసి జోలగా మార్చి, పక్కనే కూర్చుని పాడించారు. సినిమా పాటైనా సరే! గుండె వేగం నెమ్మదించింది, నిద్ర మెరుగైంది, పాలు పీల్చడం బాగుపడింది! కన్నవాళ్ల బెంగ కూడా తగ్గింది!

బిడ్డకే కాదు, అమ్మకూ మేలే! కాన్పు తర్వాత కుంగుబాటుతో బాధపడే 134 మంది తల్లులతో ఇంగ్లండ్‌లో ఒక ప్రయోగం జరిగింది. కొందరు బిడ్డలను ఒళ్లో పెట్టుకుని గుంపుగా పాడారు. కొందరు ఆడుకున్నారు. కొందరు మామూలుగా ఉన్నారు. బాధ బాగా ఎక్కువగా ఉన్న తల్లుల్లో పాడినవాళ్లే అందరికంటే త్వరగా తేరుకున్నారు! మన పల్లెల్లో బాలింత చుట్టూ చేరి అమ్మలక్కలు పాడింది ఊరికే కాదు!

గుండెకు హత్తుకుని పాడితే ఇంకా మంచిదట! తక్కువ బరువు బిడ్డను ఒంటికి ఒళ్లు తగిలేలా గుండె మీద పడుకోబెట్టుకోవడం చాలా ఆసుపత్రుల్లో నేర్పుతారు కదా? ఇజ్రాయెల్‌లో 86 మంది తల్లులను అలా పడుకోబెట్టుకునే పాడమన్నారు. పాడినప్పుడు బిడ్డ గుండె లయ కుదుటపడింది. అమ్మ ఆందోళనా తగ్గింది! పాట ఒకటే, సేద ఇద్దరికీ!

నిన్నమొన్నటి ముచ్చట వినండి! 110 కుటుంబాల వాళ్లకు ‘మీ బిడ్డకు ఇంకొంచెం ఎక్కువగా పాడండి’ అని చెప్పి కొత్త పాటలు నేర్పారు. అంతే! ఇంకేం చెప్పలేదు. బిడ్డ చిరాకు పడినప్పుడల్లా వాళ్లంతట వాళ్లే పాట అందుకున్నారు! కొన్ని వారాల్లోనే పిల్లలు ఇదివరకటి కంటే హుషారుగా ఉన్నారని తేలింది. పైసా ఖర్చు లేని మందు!

చెవులు వినపడని అమ్మ బిడ్డకు ఎలా పాడుతుంది? చేతులతో! జపాన్‌లో వినికిడి లేని 8 మంది తల్లులను గమనించారు. పెద్దవాళ్లతో సైగలు చకచకా చేసేవాళ్లు, బిడ్డ ఎదుట చేతులను నెమ్మదిగా, పెద్దపెద్దగా, మళ్లీ మళ్లీ ఒకే తీరులో ఊపారు! పాటలో ఉండే లయ మొత్తం వేళ్లలోకి వచ్చేసింది! సైగల భాష ఎరుగని పిల్లలు కూడా ఆ చేతుల వైపే కళ్లప్పగించి చూశారు!

ఊయల పిల్లలకేనా? పెద్దలకూ పనిచేస్తుంది! స్విట్జర్లాండ్‌లోని జెనీవాలో 18 మంది కుర్రకారును రాత్రంతా మెల్లగా ఊగే మంచం మీద పడుకోబెట్టారు. తొందరగా నిద్రపట్టింది, గాఢనిద్ర పెరిగింది, పొద్దున జ్ఞాపకశక్తి కూడా మెరుగైంది! చేత్తో ఊయల ఊపే అమ్మకు ఈ సంగతి ఏ ప్రయోగశాలా చెప్పలేదు!

నిద్రపోయిందనుకుని దించగానే బిడ్డ కెవ్వుమంటోందా? జపాన్ వాళ్లు కిటుకు చెప్పారు! ఏడ్చే బిడ్డను ఎత్తుకుని ఆగకుండా 5 నిమిషాలు నడవండి. నిద్రపట్టాక వెంటనే దించకండి! మరో ఐదు నుంచి ఎనిమిది నిమిషాలు ఒళ్లోనే పెట్టుకుని కూర్చోండి. అప్పుడు పడుకోబెట్టండి! నడుస్తూ పాడేసి, కూర్చుని ఇంకో రెండు చరణాలు అందుకునే అమ్మమ్మలు ఎప్పటి నుంచో చేస్తున్నది ఇదే!

దేవుడికీ జోల కావాల్సిందే!

తిరుమల శ్రీనివాసుడు రాత్రి ఎలా పడుకుంటాడో తెలుసా? జోల విని! ఏకాంతసేవలో వెండి భోగ శ్రీనివాసమూర్తిని గొలుసులకు వేలాడే మంచంలో పవళింపజేస్తారు. పాలు, పళ్లు, చందనం సమర్పిస్తారు. తాళ్లపాక వంశం తరఫున జోల పాడతారు! ఏడాదిలో 11 నెలలు ఇదే తీరు. ధనుర్మాసంలో మాత్రం ఆ మంచం మీద పడుకునేది చిన్నికృష్ణుడు! జగాలనేలే స్వామిని పసిబిడ్డలా నిద్రపుచ్చడం చూశారా!

ఆ జోలలు రాసిన అన్నమయ్య కీర్తనలెన్నో తెలుసా? 32,000 అని ప్రతీతి! వాటిని రాగిరేకుల మీద చెక్కించి కొండమీద అరలో దాచారు. వందల ఏళ్లు ఎవరికీ తెలియకుండా ఉండిపోయాయి! శృంగారం, వైరాగ్యం, పొలం పాటల తీరు, అన్నీ రాసిన ఆ మహానుభావుడి పదాల్లో తెలుగు తల్లుల నోట ఎక్కువగా నలిగింది చిన్నికృష్ణుడి జోలే!

ఆయనకంటే ఎంతో ముందు ఒక మగవాడు అమ్మ అయిపోయాడు! శ్రీవిల్లిపుత్తూరులో పూలమాలలు కట్టే పెరియాళ్వార్, అంటే మన గోదాదేవి తండ్రి, తనను యశోదగా భావించుకుని కృష్ణుడికి తొట్టెల పాట పాడాడు! ఏ దేవుడు ఏ నగ పంపాడో చెబుతూ బిడ్డను ఊపాడు! వైష్ణవుల 4,000 పాశురాల దివ్యప్రబంధంలో ఆ జోల నేటికీ ఉంది. గుళ్లో పండితులు దాన్ని వేదంతో సమానంగా చదువుతారు!

తమిళులు అక్కడితో ఆగలేదు! పసితనం మొత్తాన్ని 10 ఘట్టాలుగా విడదీసి ‘పిళ్లైత్తమిళ్’ అని ఒక కావ్యరకాన్నే కట్టేశారు. ఊయలలో ఊపడం ఒక ఘట్టం! చప్పట్లు కొట్టించడం ఒకటి! ముద్దు అడగడం ఒకటి! చందమామను ఆటకు పిలవడం ఇంకొకటి! మధుర మీనాక్షమ్మను కూడా చంటిపాపను చేసి ఇలా పాడారు!

జోలతోనే బిడ్డలను సన్యాసులను చేసిన తల్లి కథ విన్నారా? మార్కండేయ పురాణంలోని మదాలస! ఏడ్చే పసివాడికి ఆమె వేదాంతం పాడింది. నువ్వు ఈ దేహం కాదు నాయనా అని బోధించింది. వరసగా ముగ్గురు కొడుకులు రాజ్యం వద్దని వెళ్లిపోయారు! రాజు లబోదిబోమని, నాలుగోవాడికైనా రాజధర్మం చెప్పమన్నాడు. ఆ అలర్కుడు రాజయ్యాడు! పాట మారింది, బతుకూ మారింది!

కేరళకు వెళ్దాం రండి! 1813లో తిరువాంకూరు రాజవంశంలో స్వాతి తిరునాళ్ పుట్టాడు. పుట్టకముందే రాజయ్యే యోగం ఆ బిడ్డది! ఇరయిమ్మన్ తంపి అనే కవి జోల కట్టాడు. అందులో వింతేమిటంటే, పాటంతా ప్రశ్నలే! ఈ బిడ్డ చందమామ కూనా, తామరపువ్వా, నెమలా, కోయిలా అని వరసగా అడుగుతూ పోతాడు! రాచబిడ్డ కోసం పుట్టిన ఆ పాట ఇప్పుడు మలయాళీల ఇంటింటి జోల!

మన బారసాలనే చూడండి! చాలా ఇళ్లలో 21వ రోజున బిడ్డను తొట్టెలో వేస్తారు. మెత్తబడ్డ పాత నూలుచీర దూలానికి వేలాడదీసి, అడుగున చిన్న బొంత పరిచి, ముత్తయిదువులు చెరోవైపు నిలబడి ఊపుతారు. ఒకావిడ అందుకుంటే మిగతావాళ్లు ‘లాలీ’ అని కలుపుతారు. రాముడు, కృష్ణుడు అందరూ ఆ పాటలోకి వచ్చేస్తారు! పేరు పెట్టించుకున్న రోజే బిడ్డకు సామూహిక గానం!

మట్టిపలక నుంచి ఒపేరా దాకా!

లోకంలో చాలా పాత జోల ఒకటి లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉంది! అరచేతిలో ఇమిడే బాబిలోనియా మట్టిపలక. వయసు దాదాపు 4,000 ఏళ్లు! అందులో ఏముందో తెలుసా? చీకటింట్లోంచి వెలుగులోకి వచ్చిన బిడ్డా, నీ ఏడుపుకు ఇంటిదేవుడికి నిద్రాభంగమైంది అని గదమాయింపు! అప్పుడూ పిల్లలు రాత్రి ఇల్లు పీకి పందిరి వేసేవాళ్లన్నమాట!

జోల కాదు గానీ, అర్థం తెలియకుండానే ఒక పాటను 200 ఏళ్లు కాపాడారు అమెరికా నల్లజాతి తల్లులు! బానిసత్వంలో భాష పోయింది, ఊరు పోయింది, పాట మాత్రం తల్లి నుంచి కూతురికి చేరుతూ వచ్చింది. జార్జియా రాష్ట్రంలో అమేలియా డాలీ పాడగా ఒక పండితుడు రికార్డు చేశాడు. ఆమె కూతురు మేరీ మోరన్ ఆ పాట పట్టుకుని ఆఫ్రికాలోని సియెర్రా లియోన్‌కు వెళ్లింది. అక్కడ ఒక పల్లెలో బైందు జబతి అనే ఆవిడ అదే పాట పాడింది! ఆమెకు నేర్పింది వాళ్ల అవ్వే!

ప్రపంచమంతా బొమ్మల్లో, మ్యూజిక్ డబ్బాల్లో మోగే బ్రామ్స్ జోల వెనక ఒక గుట్టుంది! 1868లో తన పాత స్నేహితురాలు బెర్తా ఫాబర్‌కు కొడుకు పుడితే బ్రామ్స్ అది రాసి పంపాడు. అయితే పియానో భాగంలో ఇంకో పాట దాచాడు! పడుచుతనంలో బెర్తా అతనికి పాడి వినిపించిన వియన్నా పాట అది! ఆవిడ బిడ్డకు జోల పాడుతుంటే కింద తన పాతపాటే మోగుతుందన్నమాట!

జాజ్ గాయకులందరూ పాడే ‘సమ్మర్‌టైమ్’ నిజానికి జోలపాట! నమ్మరా? 1935లో వచ్చిన గెర్ష్విన్ ఒపేరా ‘పోర్గీ అండ్ బెస్’ మొదట్లోనే క్లారా అనే పడుచు తల్లి ఒళ్లో బిడ్డను ఊపుతూ పాడుతుంది. అక్కడి నుంచి అది ప్రపంచంలో అత్యధికంగా రికార్డయిన పాటల్లో ఒకటైపోయింది!

జోలలో భయపెట్టడం కూడా ఉంది! కెన్యాలో విక్టోరియా సరస్సు దగ్గరి లువో తల్లులు ఏడ్చే బిడ్డను దుమ్ములగొండి తింటుందని పాడతారు! ఇంగ్లీషు వాళ్లదీ అదే వరస. 1765 ప్రాంతంలో అచ్చయిందని చెప్పే వాళ్ల ప్రసిద్ధ జోలలో చెట్టుకొమ్మ విరిగి ఊయల కింద పడుతుంది! మన బూచోడు ఒంటరివాడేం కాదు!

ఐస్‌లాండ్ జోల మరీ గుండెలు పిండేస్తుంది! 1911 నాటి ఒక నాటకంలోది అది. కొండల్లో తప్పించుకు తిరిగే తల్లి, తరుముకొచ్చేవాళ్లు దగ్గరపడేసరికి, బిడ్డను జలపాతంలో విడిచేముందు ఆ పాట పాడుతుంది! అంత దుఃఖం దాని వెనక ఉంది. అయినా ఆ దేశపు తల్లులు నేటికీ తమ పిల్లలను దానితోనే నిద్రపుచ్చుతున్నారు!

స్పెయిన్ కవి లోర్కాకు కూడా ఇదే ఆశ్చర్యం! తన దేశపు తల్లులు బిడ్డల తొలినిద్రకు అత్యంత విషాద రాగాలే ఎందుకు ఎంచుకుంటారని అడిగాడాయన. 1928లో మాడ్రిడ్‌లో జోలపాటల మీదే పెద్ద ప్రసంగం చేశాడు! ఊరూరూ తిరిగి విన్న జోలలను వేదిక మీద వినిపించాడు. మహాకవి, సభ నిండా పెద్దమనుషులు, విషయం ఊయల పాట!

జపాన్ జోలలు కొన్ని అమ్మలవి కావు! పేదింటి చిన్నపిల్లలు ఇతరుల ఇళ్లలో బిడ్డలను వీపున కట్టుకుని మోసేవాళ్లు. ఆ దాదిపిల్లల పాటలవి! ఎప్పుడు పని తీరుతుందా, ఎప్పుడు మా ఊరు వెళ్తానా అన్నదే వాళ్ల బాధ. క్యోటోలోని తకెదా జోల 1971లో ఒక పాటల బృందం నోట దేశమంతా మారుమోగింది! అది వెలివేతకు గురైనవాళ్ల వాడ పాట కావడంతో తర్వాత ఏళ్ల పాటు ప్రసారాల్లో వినపడలేదు!

నాజీల చెరలోనూ జోల పుట్టింది! తెరెజీన్ నిర్బంధ శిబిరంలో జబ్బుపడ్డ పిల్లలకు సేవ చేసిన ఇల్సే వేబర్, మందులు లేని చోట పాటలు కట్టి పాడింది. 1944లో పిల్లలతో పాటు తానూ ఔష్విట్జ్ వెళ్లింది. తిరిగి రాలేదు. ఆమె రాసినవి భర్త దాచిపెట్టాడు. యుద్ధం ముగిశాక తవ్వి తీశాడు! ఆ జోల ఇప్పుడు దేశదేశాల వేదికల మీద పాడుతున్నారు!

ఉత్తరధ్రువం దగ్గరి ఇన్యూయిట్ జనంలో ఇంకో ముచ్చట! ఒక్కో బిడ్డకు ఒక్కో పాట! పుట్టిన పాప కోసం అమ్మో, నాయనమ్మో, మేనత్తో ప్రత్యేకంగా కట్టిన ముద్దుపాట అది. ఆ ఒక్క పాట ఆ పాపదే, ఇంకెవరిదీ కాదు! ఎంత పెద్దయినా ఆ పాట వింటే తనదేనని తెలుస్తుంది!

అలాంటి పద్ధతే న్యూయార్క్‌లోనూ మొదలైంది! పేరుమోసిన కార్నెగీ హాల్ వాళ్లు 2011లో ఒక ఆసుపత్రిలో ఈ పని చేపట్టారు. కష్టాల్లో ఉన్న గర్భిణుల పక్కన సంగీతకారులు కూర్చుంటారు. నీ బిడ్డకు ఏం చెప్పాలనుకుంటున్నావని అడుగుతారు. అమ్మ చెప్పిన మాటలే పాటవుతాయి! ఆశ్రయ గృహాలకు, జైళ్లకు కూడా ఆ పాట చేరింది!

అన్నిటికంటే పెద్ద వింత!

ఇంతసేపూ లోకమంతా జోల ఉందన్నాం కదా? ఇప్పుడు అసలు రహస్యం! పరాగ్వేలోని ఉత్తర అచే జనానికి జోలపాటే లేదు! పరిశోధకుడు కిమ్ హిల్ వాళ్ల మధ్య మొత్తం 122 నెలలు గడిపాడు. ఒక్క తల్లి కూడా బిడ్డకు పాడగా వినలేదు! నవ్విస్తారు, ముఖాలు రకరకాలుగా పెడతారు, ముద్దుమాటలు చెబుతారు. పాట మాత్రం లేదు! జనం బాగా తగ్గిపోయిన కష్టకాలంలో ఆ అలవాటు తెగిపోయి ఉండొచ్చని పరిశోధకుల ఊహ!

అర్థమైందా? జోల పుట్టుకతో రాదు! ఒకరు పాడితే ఇంకొకరు నేర్చుకోవాలి. బిడ్డ చెవి మాత్రం పుట్టకముందే సిద్ధంగా ఉంటుంది! గొంతు బాగాలేదని మొహమాటపడకండి, బిడ్డకు కావాల్సింది మీ గొంతే! పాట రాకపోతే ఈ రాత్రే అమ్మమ్మకో నాయనమ్మకో ఫోన్ చేయండి. ఒక్క జోల పాడించుకుని రికార్డు చేయండి, నేర్చుకోండి, మీ బిడ్డకు పాడండి! నాన్నలూ, మీరూ!